వదిన ఇంటి మీద చుక్క

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకి పత్రికాఫీసు భోజనాల బల్ల మీద ఎనిమిది క్యారేజీలు ఉండాల్సిన చోట మూడే ఉన్నాయి. ఆమె చేతులు కడుక్కుని వచ్చి తనది వెతుక్కుంది. ఉంది. మిగతావాళ్ళలో ఇద్దరు బ్రెడ్డు పొట్లాలు విప్పుకుంటున్నారు, ఒకతను అరటిపళ్ళు తెచ్చుకున్నాడు. ఆటల పేజీ రాసే ఆయన మాత్రం ఏమీ తినకుండా ఫోను చూసుకుంటున్నాడు. తిండి దగ్గర ఏనాడూ రాజీపడిన మనిషి కాదు. రోజూ పన్నెండున్నరకే మెట్ల మీద నిలబడి, క్యారేజీలు తెచ్చే స్కూటరు చప్పుడు కోసం చెవులు రిక్కించేవాడు.

"ఏమండీ, ఒంట్లో బాలేదా?" అని అడిగింది.

ఆయన జవాబు చెప్పకుండా ఫోను ఆమె వైపు తిప్పాడు. తెర మీద ఉన్నది ఆమె చేసిన మ్యాపే. సోమవారం పొద్దున పత్రిక వెబ్‌సైట్లో పెట్టిన కామెర్ల మ్యాపు. ఆయన రెండు వేళ్ళతో దాన్ని పెద్దది చేసుకుంటూ పోయాడు. ఊరు పోయి వీధులు వచ్చాయి, వీధులు పోయి ఇళ్ళు వచ్చాయి. చివరికి డాబాల మీది నీళ్ళ ట్యాంకులు కూడా కనబడ్డాయి. వీధి మలుపులో ఉన్న ఒక డాబా మీద, కొలిచి పెట్టినట్టు నడిమధ్యలో, ఓ ఎర్రచుక్క కూర్చుని ఉంది.

"ఇది మన క్యారేజీల వదిన ఇల్లే కదా," అన్నాడాయన, ఆఫీసుకి వండి పంపే ఆవిణ్ణి ఉద్దేశించి. "మంచి పని చేశావమ్మా. నువ్వు చూపించబట్టి తెలిసింది గానీ, లేకపోతే ఇంకెన్నాళ్ళు తినేవాళ్ళమో."

ఆయన వెటకారం ఆడలేదు, మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నాడు. ఆమె అప్పుడే విప్పిన క్యారేజీ మళ్ళీ మూసి తన కుర్చీ దగ్గరికి వెళ్ళి ఆ మ్యాపు వెనకున్న కోడ్ తెరిచింది.

తప్పు ఎక్కడుందో వెతకాల్సిన అవసరం లేదు. తను పెట్టిందే. ఆరోగ్యశాఖ ఇచ్చిన జాబితాలో రెండువందల పన్నెండు మంది ఉన్నారు గానీ ఇంటి నంబర్లు లేవు. రోగులెవరో బయటపడకూడదని కొట్టేసి, వీధి పేరూ తేదీ మాత్రం మిగిల్చారు. అంచేత ఒక్కో వీధికి మ్యాపులో ఒకటే చోటు, ఆ వీధి మధ్యన. మొదటిసారి గీయించినప్పుడు వదిన వీధిలోని పంతొమ్మిది మందీ ఒకరి మీద ఒకరు పడి ఒక్క చుక్కగా కనబడ్డారు. ఎడిటరు వెనక నిలబడి చూసి, పంతొమ్మిది మంది మంచాన పడితే ఒక్క చుక్కేమిటి, మనం జనానికి చెబుతున్నామా దాస్తున్నామా అన్నాడు. అదీ నిజమే అనిపించింది. ప్రతి చుక్కనీ కొంచెం అటో ఇటో జరపమని, ఎటు జరపాలన్నది కంప్యూటరు ఇష్టానికే వదిలేస్తూ ఆమె కోడ్‌లో ఒక వరస రాసింది. ఈ పని చేసే వాళ్ళందరికీ ఇది చేతిలో విద్య, ఎవరూ రెండోసారి ఆలోచించరు. చుక్కలు విడిపోయాయి, వీధంతా ఎర్రగా పొక్కింది.

కాకపోతే పేజీ తెరిచిన ప్రతిసారీ చుక్కలు కొత్త చోట్లలో పడేవి. పురుగుల్లా లుకలుకలాడుతున్నాయి, ఓ చోట కూర్చోబెట్టమన్నాడు ఎడిటరు. కూర్చోబెట్టాలంటే కంప్యూటరుకి ఒక అంకె ఇవ్వాలి. ఆ అంకె మారనంతకాలం అది ఎన్నిసార్లు విసిరినా అవే చోట్లలో విసురుతుంది. ఏ అంకైనా ఒకటే. ఆమె తన కూతురి పుట్టినతేదీ ఇచ్చింది. ఇంట్లో ఆ మాట చెబితే తొమ్మిదేళ్ళ ఆ పిల్ల మురిసిపోయి క్లాసులో అందరికీ చాటింపు వేసింది.

ఇంతవరకైనా సర్దుకోవచ్చు. చుక్కలు ఇళ్ళను చూపించవు, సమాచారం వీధి వరకే అని కింద ఒక వాక్యం కూడా రాసిందామె. చిన్న ఫోన్లలో అది మ్యాపుని పావు వంతు కప్పేస్తోందని తనే తీసేసింది. ఎవరూ తీయమనలేదు. మ్యాపు కంటికి ఇంపుగా ఉండాలని తీసింది. ఎంత దగ్గరగా చూడనివ్వాలో కూడా తన చేతిలో పనే. డాబాల దాకా వెళ్తుంటే ముచ్చటగా ఉందని వదిలేసింది. సోమవారం నుంచి ఆ మ్యాపుని లక్షన్నర మంది చూశారు. ఆఫీసులో ఆమెకి చుక్కల మేడం అని పేరు కూడా పెట్టారు. మూడు రోజులుగా ఆ పేరు వినబడితే లోపల్లోపల పొంగిపోయింది కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండింది.

తిరిగి భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ చుక్క వదినది కాదనీ, కంప్యూటరు గుడ్డిగా విసిరిందనీ అందరికీ వినబడేట్టు చెప్పింది. బ్రెడ్డు తింటున్నవాళ్ళు తలలూపారు. ఊపారే గానీ నమ్మినట్టు లేరు.

"అంత ఊళ్ళో అది వదిన ఇంటి మీదే ఎందుకు పడాలి?" అన్నాడు ఆటలాయన. "రెండు నెలల కిందట ఊరెళ్తున్నానని పది రోజులు క్యారేజీలు ఆపేసింది, గుర్తుందా? మనం పస్తులున్నాం. అప్పుడే నాకు ఏదో తేడాగా అనిపించింది."

"ఆ ఇంట్లో ఎవరికీ రాలేదండీ. నాది పూచీ," అందామె.

ఎందుకంత గట్టిగా అందో ఆమెకే తెలీదు. పొరపాటు చేసిన మనిషి గొంతు ఒక్కోసారి అవసరానికి మించి లేస్తుంది.

ఎడిటరు గదిలోకి వెళ్ళి, మ్యాపు మార్చాలంది. ఆయన చెడ్డవాడేమీ కాదు. విన్నాడు, నుదురు రుద్దుకున్నాడు, కిటికీలోంచి వదిన వీధి వైపు చెయ్యి చూపించాడు. ఆ మ్యాపు పుణ్యమా అని నీళ్ళ శాఖవాళ్ళు ఆ రోజు పొద్దునే తవ్వకం మొదలుపెట్టారు. మురుగు కలుస్తోందని నెలల తరబడి జనం మొత్తుకుంటే కదలనివాళ్ళు, ఎర్రచుక్కలు చూసి గునపాలతో దిగారు. ఇప్పుడు మనమే వచ్చి చుక్కలు మా ఇష్టమొచ్చినట్టు చల్లుకున్నామంటే, తవ్విన గొయ్యి పూడ్చేసి చక్కా పోతారన్నాడు.

"పగిలిన పైపు బయటపడనీ. సోమవారం మారుద్దువు గాని," అన్నాడు.

గురువారం బల్ల మీద ఒక్క క్యారేజీయే ఉంది. ఆమెది. అది కూడా స్కూటరు మీద రాలేదు. వదినే బస్సులో వచ్చి, పైకి రాకుండా గేటు దగ్గర వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్ళిపోయిందట. రోజూ తెచ్చేది వదిన తోడికోడలు. ఒక్క చేత్తో నాలుగు క్యారేజీలు పట్టుకుని, హెల్మెట్ కూడా తీయకుండా, మెట్లెక్కుతూనే ఒక్కొక్కరినీ ఆటపట్టించే మనిషి. మంగళవారం నుంచి ఆ గొంతు వినబడలేదని ఆమెకి అప్పుడు తట్టింది. మూడు గంటలకి లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, ఖాళీ క్యారేజీ చేత్తో పట్టుకుని బయల్దేరింది.

వీధి మొదట్లోనే తవ్వకం నడుస్తోంది. మట్టి గుట్టలు తప్పించుకుంటూ మలుపు దాకా నడిచింది. మ్యాపులో ఎన్నిసార్లో పైనుంచి చూసిన డాబాకి ఒక గుమ్మం, గుమ్మం పక్కన తుడిచి పెట్టిన చెప్పుల బల్ల, బల్లకి ఆనించి కవరు కప్పిన స్కూటరు ఉన్నాయి. వంటగదిలో గోడ పొడుగునా క్యారేజీలు, గిన్నెలు వేరుగా మూతలు వేరుగా బోర్లించి ఉన్నాయి. ముప్పైకి పైగానే ఉంటాయి. అన్నీ ఎండి మెరుస్తున్నాయి. అయినా వదిన గట్టు దగ్గర నిలబడి, తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఆమె గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. చుక్కకి అర్థం లేదని, తప్పు తనదని, సరిచేస్తానని చెప్పింది. వదిన వింటూనే ఉంది గానీ తోముడు ఆపలేదు. అంతా అయ్యాక గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని, లోపలి గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"అవన్నీ నాకు తెలీవమ్మా. ఒక్కటి చెప్పండి చాలు. మా తోడికోడలేనా మీకు చెప్పింది?"

"ఏం చెప్పింది?"

"మా ఆయన సంగతి."

వదిన గొంతు తగ్గించి మొత్తం చెప్పింది. రెండు నెలల కిందట ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. ఆ రోజే ఊరెళ్తున్నానని అందరికీ చెప్పి పొయ్యి ఆర్పేసింది. ఇల్లు కదలకుండా పది రోజులు తలుపులేసుకుని కూర్చుంది. తనకీ తోడికోడలికీ రెండుసార్లు రక్తపరీక్ష చేయించి, ఏమీ లేదని డాక్టరు చెప్పాకే మళ్ళీ వెలిగించింది. ఈనాటికీ ఆయన కంచం వేరు, గ్లాసు వేరు. ఆయన వంటగది గడప తొక్కడు. ఈ సంగతి తెలిసింది ముగ్గురికే. ఆయనకీ, తనకీ, ఆయన్ని స్కూటరు మీద ఆస్పత్రికి తిప్పిన తోడికోడలికీ. సోమవారం సాయంత్రం ఎదురింటావిడ వచ్చి ఫోనులో చుక్క చూపించింది.

"ఇంత ఊరుంటే మా ఇంటి నెత్తినే పెట్టారంటే, ఎవరో చెప్పకుండా ఎలా పెడతారు? రోజూ మీ ఆఫీసు మెట్లెక్కేది అదే. అడిగితే నాకేం తెలీదక్కా అని ఏడ్చింది. నేను నమ్మలేదు. పదకొండేళ్ళు ఒక్క పొయ్యి దగ్గర నిలబడ్డామమ్మా. కంచం ముందు కూర్చున్నదాన్ని లేపి, బండి తాళం లాక్కుని, గెంటేశాను. మళ్ళీ నా గుమ్మం తొక్కద్దన్నాను."

జాబితాలో ఈ వీధి కింద ఉన్న పంతొమ్మిది మందిలో ఆయనా ఒకడు. కంప్యూటరు కళ్ళు మూసుకుని విసిరిన చుక్క ఆయన నెత్తి మీదే పడింది. దాని వల్ల ఒక మనిషి తినే కంచం ముందు నుంచి లేచి వెళ్ళాల్సి వచ్చింది. నిన్న తను బల్ల దగ్గర పూచీ పడ్డ మాట గుర్తొచ్చి సిగ్గేసింది. సిగ్గు పడుతూ కూర్చుంటే ఆ తోడికోడలు తిరిగి రాదు. క్యారేజీలు కొంచెం జరిపి లాప్‌టాప్ గట్టు మీద పెట్టి తెరిచింది.

"ఈ అంకె చూడండి వదినా. ఇది మా అమ్మాయి పుట్టినతేదీ. దీన్నిబట్టే కంప్యూటరు చుక్కలు విసిరింది. మీరు ఇంకో అంకె చెప్పండి, ఏదైనా సరే."

వదిన అనుమానంగా చూసి, ఏడు అంది. ఆమె ఏడు కొట్టింది. చుక్కలన్నీ ఒక్కసారి ఎగిరి వేరే చోట్ల వాలాయి. డాబా ఖాళీ అయింది. వదిన ఇంకా దగ్గరికి వచ్చి నిలబడింది. ఇరవై అంది. ఒక చుక్క నడిరోడ్డు మీద పడింది, ఒకటి మురుగుకాలవలో, రెండు దర్జీ కొట్టు మీద. నూటనాలుగు అంది. ఒకటి స్కూలు గోడ మీద ఎక్కింది. ఆ తర్వాత ఆమె అడగక్కర్లేకుండానే వదిన అంకెలు చెప్పుకుంటూ పోయింది. పదో పదకొండో అయ్యాక, ముప్పైరెండు అన్నప్పుడు, చుక్క మళ్ళీ వచ్చి సరిగ్గా ఈ డాబా మీదే కూర్చుంది.

"ఈసారి ఎవరు చెప్పారు?" అందామె నెమ్మదిగా.

వదిన ముక్కాలిపీట లాక్కుని కూలబడింది. తర్వాత ఇంకొక్కటి చెప్పింది, యాభై. చుక్క ఎదురింటి మీద వాలింది. ఫోను పట్టుకొచ్చి చూపించిన ఆవిడ ఇంటి మీద. వదిన ముఖం ఒక్క క్షణం వెలిగింది.

"దీన్ని ఇక్కడే ఉంచేస్తే?" అంది. అని, మళ్ళీ తనే తల అడ్డంగా ఊపి, "వద్దులెండి. ఆవిడ ఎవరిని గెంటేస్తుందో," అంది.

లేచి గోడ మేకుకి ఉన్న బండి తాళం తీసుకుని కొంగున ముడేసుకుంది. తోడికోడలు వాళ్ళ అక్క ఇంట్లో ఉందట, రెండు బస్సులు మారాలట. ఫోను చేస్తే ఎత్తడం లేదు, ఎందుకెత్తుతుంది అంది. బండి నడపడం తనకి రాదు. తాళం దాని చేతిలో పెట్టి, దాన్నే తోలుకు రమ్మనాలి అంది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆగింది.

"మా ఆయన సంగతి మీ ఆఫీసులో..."

"నేను ఖాళీ క్యారేజీ ఇద్దామని వచ్చానండీ. ఇచ్చి వెళ్తున్నాను," అందామె.

శుక్రవారం పొద్దున ఎవరినీ అడక్కుండా పనిలో కూర్చుంది. చుక్కల్ని జరిపే వరస కొట్టేసింది. దాని పైనున్న కూతురి పుట్టినతేదీ కొట్టేసింది. చుక్కలే తీసేసింది. ఎన్ని రోజులు కూర్చుని వాటి ఎరుపు సరిచేసిందో, ఒకదాని మీద ఒకటి పడితే ఎంత చిక్కబడాలో, వేలు ఆనిస్తే ఎంత ఉబ్బాలో ఎన్నిసార్లు దిద్దిందో. అన్నీ కలిపి నలభై వరసల లోపే. పోవడానికి రెండు నిమిషాలు పట్టలేదు. వాటి బదులు వీధులనే గీతలుగా గీయించి, ఎంతమంది ఉంటే గీతకి అంత చిక్కటి ఎరుపు వేసింది. గీత మీద వేలు పెడితే వీధి పేరూ, లెక్కా వస్తాయి. వీధి దాటి లోపలికి వెళ్ళబోతే మ్యాపు ఆగిపోతుంది. అన్నింటికన్నా పైన, ఎంత చోటు తింటే అంత తిననీ అనుకుని, ఇలా రాసింది: ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో మా దగ్గర లేదు. సోమవారం నుంచి మీరు చూసిన చుక్కల చోట్లు మేము ఉజ్జాయింపుగా వేసినవి. వాటిని బట్టి ఏ ఇంటినీ అనుమానించవద్దు.

తెర మీద గీతలన్నీ వచ్చాక ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఎర్రబడ్డ వీధులు ఒకదాని చివర ఒకటి అంటుకుని, ఊరి మంచినీళ్ళ ట్యాంకు దగ్గర మొదలై రెండు చోట్ల మలుపు తిరిగి, ఒకే తీగలా సాగాయి. నీళ్ళ పైపు పోయే దారి అదే. చుక్కలున్నంతకాలం అది ఎవరికీ కనబడలేదు, ఆమెకి కూడా. జనం ఇళ్ళు వెతుక్కున్నారు, తనేమో వాటి అందం చూసుకుంది.

ఎడిటరు వచ్చి నిలబడి పైనున్న వాక్యాలు రెండుసార్లు చదివాడు. ఆయన ముఖం కందగడ్డ అయింది. నీళ్ళ శాఖవాళ్ళు ఇవాళ పండగ చేసుకుంటారు, సోమవారం దాకా ఆగమన్నానా లేదా అన్నాడు. ఆమె వాదించలేదు. వేలితో ఆ ఎర్రతీగ వెంట ట్యాంకు నుంచి చివరి దాకా గీసి చూపించింది. ఆయన వంగి ఆ తీగ వెంట తనూ వేలు నడిపాడు.

"కింద నీ పేరు పెద్దక్షరాల్లో వెయ్యి," అన్నాడు చివరికి. "తిట్లొస్తే అన్నీ నీకే రానీ."

తిట్లు వచ్చాయి. సాయంత్రానికి రెండువందల పైచిలుకు. ఇన్నాళ్ళూ మమ్మల్ని వెర్రివాళ్ళని చేశారా అని కొందరు, నీళ్ళ శాఖ ఎంత ముట్టజెప్పిందని మరికొందరు. ఇంటికెళ్తే, ఫోనులో మ్యాపు చూసిన కూతురు గుమ్మంలోనే నిలదీసింది. తన పుట్టినరోజు ఎందుకు తీసేశావని మూతి ముడుచుకుంది.

"అయితే ఆ చుక్కలన్నీ ఉత్తుత్తివేనా?" అంది.

"మనుషులు నిజమేనే. వాళ్ళున్న చోటే ఉత్తుత్తిది."

పిల్లకి అర్థమైందో లేదో గానీ, రేపు క్లాసులో ఏం చెప్పాలని దిగులుపడింది. ఇలాగే చెప్పమంది తల్లి.

శనివారం ఒంటిగంటకి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. వదిన తోడికోడలు. ఒక చేతిలో హెల్మెట్, ఇంకో చేతిలో ఒక్కటే క్యారేజీ. కళ్ళు ఇంకా ఉబ్బి ఉన్నాయి, ముఖం మాత్రం తేటగా ఉంది. ఎవరినీ ఆటపట్టించలేదు. క్యారేజీ ఆమె ముందు పెట్టి, పక్కనే నిలబడింది.

"అక్క చెప్పమంది," అంది. "మా వీధంతా ఎర్రగా వేశారటగా. పర్లేదంట. మొన్నటిదాకా అందరూ మా గుమ్మం వైపు చూసేవాళ్ళు. ఇవాళ పొద్దున అందరూ కలిసి ఆ గొయ్యి దగ్గరకెళ్ళారు, పైపు మార్చేదాకా పూడ్చనిచ్చేది లేదని."

ఆటలాయన బ్రెడ్డు నములుతూ అంతా విన్నాడు. ఈ మూడు రోజుల్లో ఆయన బుగ్గలు పీక్కుపోయినట్టున్నాయి. గొంతు సవరించుకున్నాడు.

"అది సరేనమ్మా. ఇంతకీ ఆ ఇంట్లో ఉన్నట్టా, లేనట్టా? మొన్న లేదని పూచీ పడ్డావు."

తోడికోడలు చెయ్యి హెల్మెట్ పట్టీ మీద బిగిసింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నమలడం ఆపారు.

"మొన్న తెలీకుండా అన్నానండీ. తప్పే. నాకు తెలీదు," అందామె. "మ్యాపుకీ తెలీదు."

బుధవారం తెలియనిదాన్ని తెలుసునని చెప్పింది. ఇవాళ తెలిసినదాన్ని తెలీదని చెప్పింది. మొదటిది చెప్పినప్పుడు లేని నిబ్బరం రెండోది చెప్పినప్పుడు ఆమె గొంతులో ఉంది. క్యారేజీ విప్పి నాలుగు గిన్నెలూ వరసగా పెట్టుకుంది. వేడి ఇంకా పోలేదు. అన్నం వడ్డించుకుని, కూర వేసుకుని, కలుపుకుని తినడం మొదలుపెట్టింది. సగం తిన్నాక, ముట్టుకోని గిన్నెలు రెండు బల్ల మధ్యకి జరిపి, మళ్ళీ తన అన్నంలో పడింది.

ఆటలాయన ఆ గిన్నెల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, చేతిలో బ్రెడ్డు వైపు చూశాడు. బ్రెడ్డు పొట్లం మడిచి పక్కన పెట్టి, ఒక గిన్నె తన ముందుకు లాక్కున్నాడు.

తోడికోడలు హెల్మెట్ పెట్టుకుంటూ, సోమవారం ఎన్ని తెమ్మంటారని అడిగింది. బల్ల దగ్గర ఒక్కరూ తలెత్తలేదు.

"రెండు," అన్నాడు ఆటలాయన, నోట్లో ముద్దతోనే.